వాగు మలుపులో పసుపు నేల

మట్టి సర్వే ఆఫీసులో రంగుల పుస్తకాలకు కొదవ లేదు. వాటిలో ప్రతి పేజీకీ రంగు బిళ్లలు వరసగా అతికించి ఉంటాయి, ఒక్కో బిళ్ల పక్కన ఒక చిల్లు. పిడికెడు మట్టిని తడిపి, పేజీ వెనక పట్టుకుని, చిల్లులోంచి కనిపించే రంగు ఏ బిళ్లతో కలుస్తుందో చూసి రాసుకోవాలి. మట్టి చదివేవాళ్లందరిదీ ఇదే పద్ధతి. ఈ ఆఫీసులో మాత్రం ఆ పుస్తకాలు కొన్ననాటి నిగనిగ పోకుండా బీరువాలో భద్రంగా ఉండేవి. వాటితో ఎవరికీ పని పడేది కాదు. ఆఫీసుకు పెద్దకన్ను ఉన్నాడు.

పెద్దకన్ను అంటే ప్రధాన సర్వేయరు. ఎదురుగా అందరూ సార్ అనేవారు, గది గుమ్మం దాటాక పెద్దకన్ను అనేవారు. అందులో ఎగతాళి పావు వంతు, భక్తి ముప్పావు. పరీక్షకు తవ్విన గుంటలోంచి ఒక మట్టిగడ్డ తీసి, సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి పట్టీలా సాగదీసేవాడు. పట్టీ ఎంత పొడుగు సాగితే మట్టిలో అంత బంక ఉన్నట్టు. తరవాత దాన్ని వెలుతురుకేసి పట్టి, కనుబొమలు ముడేసి, తీర్పు చెప్పేవాడు.

"పసుపు గోధుమ."

కింది ఉద్యోగులు రాసుకునేవారు. అప్పీలు లేదు.

ఒకప్పుడు ఆ తీర్పులకు ఆధారం ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఆ బిళ్లలన్నీ కంఠతా పట్టాడు. ఎవరైనా పుస్తకంతో సరిచూస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆ పేరు నలుగురి నోళ్లలో పడ్డాక సరిచూడటం మానేశారు. మంచి పేరు వల్ల మనిషికి కలిగే నష్టాల్లో ఇది మొదటిది.

ఈమధ్య ఆఫీసు తలకెత్తుకున్న మహత్కార్యం, ఊరి పక్క నది పరీవాహక ప్రాంతం మొత్తానికీ నేలల పటం గీయడం. పైన కొండల వరస. అక్కడి రాయి ఇప్పటిదాకా వచ్చిన ప్రభుత్వాలన్నిటికన్నా పాతది, గట్టిది. ఎండకీ వానకీ అది నిదానంగా చిట్లి, పొడై, ఎర్రటి గరుకు మట్టి అవుతుంది. వాన పడ్డప్పుడల్లా ఆ మట్టి కాస్తకాస్తగా కిందికి బయలుదేరుతుంది. గులకరాళ్లు బద్ధకించి సగం దారిలోనే చతికిలబడతాయి. ఇసుక ఇంకొంచెం నడుస్తుంది. మెత్తటి బంక మాత్రం ఎక్కడా ఆగకుండా అడుగుదాకా వచ్చి, వాగు నదిలో కలిసే మలుపు దగ్గర చదునుగా పరుచుకుని, ఇక కదలనంటుంది. బస్సు రోడ్డు పక్క ఆఫీసుకి బదిలీ చేయించుకుని, రిటైరయ్యేదాకా ఆ కుర్చీ వదలని ఉద్యోగిలాగా.

ఆ మలుపులోనూ, దానికి పైనున్న రాళ్లవాలులోనూ ఆఫీసుకు చెరో ముక్క భూమి ఉంది. సిబ్బందికి ఇళ్ల కాలనీ కట్టాలని ఎప్పటినుంచో ఆలోచన. రాళ్లవాలు ఎవరికీ అక్కర్లేదు. మలుపు చదునుగా ఉంది, బస్సు దగ్గర, నది కనబడుతుంది. పైగా కొత్త పటం ఆ చోట గురించి ఇలా చెబుతోంది: లోతైన నేల, పసుపు గోధుమ రంగు, నీరు బాగా ఇంకును, కట్టడాలకు అనుకూలము. మట్టి శాఖవాళ్లు తమ పటాన్ని తామే నమ్మడం అదే మొదటిసారి. ఎంచుకుని ఎంచుకుని ఆ ముక్కనే నమ్మారు.

కాలనీ సంఘానికి కార్యదర్శి పెద్దకన్నుకి స్వయానా బావమరిది. అదే ఆఫీసులో సిబ్బంది విభాగంలో పనిచేస్తాడు. స్థలాల నమూనా ఒకటి గీయించి హాల్లో గోడకు తగిలించాడు. ఎవరి స్థలంలో వాళ్ల పేరున్న చిన్న కాగితం జెండా, గుండుసూదితో గుచ్చి ఉంటుంది. సీనియారిటీ ప్రకారం మొదటి ఎంపిక పెద్దకన్నుది. ఆయన ఎంపికను ఆయన భార్య చేసింది. నదివైపు మూల స్థలం.

ఆవిడ పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రభుత్వ క్వార్టర్సులోనే కాపురం చేసింది. క్వార్టర్సు గోడలకు మేకులు కొట్టకూడదని నిబంధన. ప్రతి ఇంట్లోనూ అంతకుముందున్నవాళ్లు ఆ నిబంధనని ఉల్లంఘించి కొట్టిన మేకులు మాత్రం ఉండేవి. ఆవిడ దేవుడి పటాలన్నీ వాళ్లకి తోచిన చోట్లలోనే వేలాడాయి. సొంత గోడకి, తనకు నచ్చిన ఎత్తులో, ఎవరినీ అడక్కుండా ఒక మేకు కొట్టడం అన్నది ఆవిడ కోరిక. మూల స్థలం ఖాయమైన రోజున సుత్తి కొనుక్కొచ్చి పెట్టుకుంది. ఇంతకుమించి ఆవిడ భర్తను ఎన్నడూ ఏదీ అడగలేదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు కూడా.

పటం అచ్చుకు వెళ్లాక, దీపాల చుట్టూ గుండుసున్నాల్లా వెలుగు కనబడుతోందని పెద్దకన్ను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయంది డాక్టరమ్మ. ముందు కుడికన్నుకు ఆపరేషను, కొన్నాళ్లాగి ఎడమ కన్నుకు. ఆపరేషనయ్యాక కట్టు విప్పుతూ అడిగింది.

"ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ? లోకమంతా టీ గ్లాసులోంచి చూసినట్టుండాలే మీకు."

"నాకేం తెలియలేదమ్మా."

"తెలీదులెండి. నిదానంగా పసుపెక్కుతుంది. అవునూ, మీరేం చేస్తుంటారు?"

"మట్టి రంగులు చూసి చెప్తుంటాను."

డాక్టరమ్మ ఒకసారి దగ్గి, కంట్లో చుక్కలు రోజూ మర్చిపోకుండా వేసుకోమంది.

ఇంటికి వచ్చేసరికి గోడలు తెల్లగా ఉన్నాయి. ఎప్పుడు సున్నం వేయించారని అడిగాడు. ఎవరూ వేయించలేదంది భార్య. ఆవిడ వేసుకున్న స్వెటరు నీలంగా ఉంది. కిందటి చలికాలమంతా దాన్ని ఆకుపచ్చ స్వెటరనే పిలిచాడు.

"నీలమేనా అది?"

"కొన్నప్పట్నుంచీ నీలమే. మీతో వాదించి గెలిచినవాళ్లెవరున్నారని ఊరుకున్నా."

ఆయన ఆవిడ తలవంక చూస్తూ ఉండిపోయాడు.

"నీ జుట్టెప్పుడు తెల్లబడింది?"

"మీరు మట్టి చూస్తున్నప్పుడు."

వంటింట్లోంచి వచ్చే వెలుతురు ఆ జుట్టు మీద పడి సన్నటి వెండి తీగల్లా మెరుస్తోంది. ఆపరేషను ఇంకో ఏడాది వాయిదా వేసుంటే ఇది చూసేవాణ్ని కాదు కదా అనుకున్నాడు. ఆ పూట ఆయన ఇల్లంతా తిరిగి ఒక్కొక్క వస్తువునే కొత్తగా పలకరించాడు. ఎడమ కన్ను మూస్తే తెలుపు, కుడికన్ను మూస్తే పసుపు. చిన్నపిల్లాడిలా ఎంతసేపు ఆడుకున్నాడో. ఆ ఆటకి అర్థమేమిటో ఆఫీసుకు వెళ్లేదాకా తట్టలేదు.

ఆయన బల్ల మీద చెక్కపెట్టెలో వాగు మలుపు గుంటలోంచి తీసిన మట్టిగడ్డలు, పైపొర నుంచి అడుగు పొర దాకా, వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన సంతకమున్న చీటీ వాటిమీదే ఉంది. పసుపు గోధుమ అని. పెట్టెలో ఉన్నది బూడిద. ఎక్కడో నీలి ఛాయ. దాంట్లో అక్కడక్కడా తుప్పు రంగు మచ్చలు, సన్నటి వేళ్ల దారుల వెంట గీతలు. కుడికన్ను మూశాడు. అంతా బంగారంలాంటి పసుపు నేల. తెరిచాడు. బూడిద.

మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి తగిలితే అది తుప్పుపట్టి నేలకు ఎరుపో పసుపో ఇస్తుంది. ఏడాదిలో సగం రోజులు నీళ్లలో మునిగి ఊపిరాడకపోతే ఆ రంగు పోయి, బూడిద మిగులుతుంది. బూడిద నేల అంటే కింద నీరు కదలకుండా నిలబడిందని అర్థం. ఆ నీళ్లలో నానిన బంక వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. దానిమీద గోడ కట్టకూడదని కాలేజీలో మొదటి ఏడాదే చెబుతారు. ఆయన వచ్చిన ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పాడు కూడా.

కింది సర్వేయరు అమ్మాయిని పిలిచాడు. మలుపులో గుంట తవ్వించింది ఆ అమ్మాయే.

"అమ్మాయ్, ఇది ఏ రంగు?"

"పసుపు గోధుమ సార్."

"నీ కళ్లతో చూసి చెప్పు."

"నా కళ్లతో చూసినప్పుడు బూడిదన్నాను సార్. గుంట తవ్విన రోజే. మీరు మొహం కడుక్కు రమ్మన్నారు. కడుక్కొచ్చి మళ్లీ బూడిదే అన్నాను. నల్ల కళ్లద్దాలు తీసి చూడమన్నారు. నేనసలు పెట్టుకుంటేగా."

"తరవాత?"

"తరవాత్తరవాత నాక్కూడా పసుపే కనబడ్డం మొదలెట్టింది సార్. పనిలో బాగా కుదురుకున్నానని అందరూ మెచ్చుకున్నారు."

ఆ అమ్మాయి మొహంలో నవ్వు లేదు. ఉంటే ఆయనకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. బీరువా తాళం తెప్పించి రంగుల పుస్తకం తీయించాడు. మడత విప్పుతుంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి చిటచిటలాడాయి. బూడిద రంగుల పేజీ వెనక మట్టి పెట్టి చూశాడు. బిళ్లా మట్టీ అచ్చు కవల పిల్లల్లా కలిశాయి.

డైరెక్టరు ఆయనకన్నా వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. మట్టిని చేత్తో ముట్టుకోకుండా ఆ కుర్చీదాకా వచ్చిన ప్రతిభావంతుడు. విషయం విని, పరిశీలనకు స్వయంగా బయలుదేరాడు. జీపులో బావమరిది, సర్వేయరు అమ్మాయి కూడా ఎక్కారు. వానలు పోయి చాలా రోజులైనా మలుపులోని గుంటలో మోకాల్లోతు నీళ్లున్నాయి. గుంట గోడ బూడిద రంగులో తడిగా నిగనిగలాడుతోంది. ఒక కప్ప సగం మునిగి వీళ్లను తనిఖీ చేసింది.

"చూశారా బావగారూ, కాలనీకి బావి తవ్వుకునే పని తప్పింది," అన్నాడు బావమరిది.

"బావి కాదురా అది. మీ ఇంటి పునాది."

"మీరు మరీనూ. వాగు పక్కన తడుండక ఎడారి ఉంటుందేమిటి?"

డైరెక్టరు గుంట అంచుకు ఒక గజం దూరంలో నిలబడ్డాడు. బూట్లు కొత్తవి.

"సార్, నేను సూటిగా అడుగుతాను. మీ కుడికన్ను ఏమంటోంది?"

"బూడిదంటోంది."

"ఎడమ కన్ను?"

"పసుపు. దానికింకా శుక్లముంది కనక."

"అంటే ఎడమ కన్ను ఇంకా మన పటంతో ఏకీభవిస్తోందన్నమాట."

పెద్దకన్ను సంచీలోంచి రంగుల పుస్తకం బయటికి తీశాడు. ఈ వాదన ఇటువైపు నుంచి వస్తుందని ఆయన అనుకోలేదు.

"పుస్తకం తెచ్చానండీ. దాంతో కలిపి చూడండి, మీకే తెలుస్తుంది."

"పుస్తకాలు ఏ ఆఫీసులోనైనా ఉంటాయి సార్. మనకి పేరొచ్చింది మీ కంటి వల్ల. అందులోనూ పాత కంటి వల్ల. కొత్త కన్నింకా మెడికల్ సెలవులో ఉంది కదా, చుక్కలు కూడా వేసుకుంటున్నారాయె. సెలవులో ఉన్న కన్ను చూసింది రికార్డులోకి ఎలా ఎక్కించను?" డైరెక్టరు గొంతులో నిజంగానే సానుభూతి ఉంది. "ఏమ్మా, నువ్వేమంటావు? గుంట తవ్వించింది నువ్వేగా?"

సర్వేయరు అమ్మాయి గుంటవైపు చూసింది, పెద్దకన్నువైపు చూసింది.

"అప్పుడు బూడిదన్నాను సార్. కాదన్నారు. రికార్డులో ఏదుంటే అదే నాది."

"అదీ క్రమశిక్షణ," అన్నాడు డైరెక్టరు. "చూడండి సార్, పటం అచ్చయింది. ఆవిష్కరణకి పైవాళ్లు వస్తున్నారు. ఇప్పుడీ ఒక్క మలుపు తప్పంటే, మీరు పసుపన్న ప్రతిచోటా మళ్లీ తవ్వాలి. పరీవాహక ప్రాంతంలో సగం పసుపేనాయె. పటం మార్చడం నా చేతిలో లేదు. మట్టంటారా, అది వేరు. మీకంత బాధగా ఉంటే నాలుగు లారీల పసుపు మట్టి తెప్పించి పైన పరిపిస్తాను."

ఎగతాళి కాదు. జీపు ఎక్కేలోపే బావమరిదితో లారీల సంగతి మాట్లాడాడు.

ఆ సాయంత్రం పెద్దకన్ను భార్యకు చెప్పాడు. ఆవిడ బల్ల దగ్గర కూచుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"మూల స్థలం మనకొద్దు."

కత్తి ఆగింది.

"ఎందుకని?"

చెప్పాడు. ఇనుము గురించి, గాలి గురించి, కప్ప గురించి.

"కడితే ఏమవుతుంది?"

"వానాకాలం నేల ఉబ్బుతుంది, ఎండాకాలం కుంగుతుంది. గోడ కూడా దాంతోపాటే ఊపిరి పీల్చి వదలాలి. గోడలకి ఆ అలవాటుండదు."

"పడిపోతుందా?"

"వెంటనే పడదు. ముందు బీటలిస్తుంది. తలుపులు పట్టేస్తాయి. నువ్వు మేకు కొడితే ఒక వానకి వంకర తిరుగుతుంది, ఇంకో వానకి ఊడొస్తుంది."

"మా తమ్ముడికి చెప్పలేకపోయారా?"

"చెప్పాను. నమ్మలేదు."

"ఇన్నాళ్లూ మీరేం చెప్పినా నమ్మాడుగా."

"అదే వచ్చిన చిక్కు."

ఆవిడ తరగడం మళ్లీ మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, మామూలు గొంతుతోనే అంది. "మీ కన్నుని నమ్ముకుని ఏ ఊరంటే ఆ ఊరు వచ్చాను. ఎన్ని ఇళ్లు సర్దానో ఎన్ని విప్పానో. ఒక్క సొంతిల్లు దగ్గరికొచ్చేసరికే బాగుపడాల్సొచ్చిందా ఆ కన్ను?"

ఉల్లిపాయల వల్ల ఆవిడ కళ్లు తుడుచుకుంటోందని అనుకునే వెసులుబాటు ఆయనకు ఉంది. ఆ వెసులుబాటు కల్పించిన ఉల్లిపాయలకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పొద్దున్న ఆవిడ చుక్కల సీసా తెచ్చి, ఆయన తల వెనక్కి వంచి, ఎడమ చేత్తో రెప్ప ఎత్తిపట్టి, చుక్క వేసింది. గురి తప్పలేదు. అంత కోపంలోనూ ఆ చెయ్యి వణక్కుండా ఉండటం ఆయనకు కొండంత ఊరటగా అనిపించింది. సీసా మూత బిగిస్తూ అడిగింది.

"ఆ గుండుసూది మీరే తీస్తారా, నన్ను రమ్మంటారా?"

"నేనే తీస్తాను."

"తీసేముందు గట్టిగా ఆలోచించుకోండి. మళ్లీ గుచ్చుతానంటే మాత్రం నేనొప్పుకోను."

భోజనాల వేళ హాలు నిండుగా ఉంది. పెద్దకన్ను నమూనా దగ్గరికి నడిచి, నదివైపు మూలలో తన పేరున్న జెండాని పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. మొదట చూసింది బావమరిది. చేతిలో చెంచా ఆగిపోయింది.

"బావగారూ, ఏం చేస్తున్నారు?"

"నా స్థలం వదులుకుంటున్నాను."

"కారణం?"

"నేల మంచిది కాదు."

"అది కాదండీ. అసలు కారణం."

"అదేరా."

"సరే లెండి, నలుగురిలో చెప్పలేకపోతే తరవాత చెప్పండి."

ఆయన రెండు రోజులుగా ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి ఇనుము గురించీ బూడిద గురించీ చెబితే, పాపం ఆపరేషన్ బడలిక అనుకున్నవాళ్లంతా ఇప్పుడు ఆ ఖాళీ మూలవైపే చూస్తున్నారు. అన్నిటికన్నా మంచి స్థలం. మొదటి ఎంపిక. దాన్ని ఆ మనిషి ఊరికే వదిలేశాడు. చెప్పిన మాటలో అబద్ధం ఉండొచ్చు, వదులుకున్న స్థలంలో ఎలా ఉంటుంది?

సర్వేయరు అమ్మాయి లేచి, డబ్బా కడుక్కోవడానికి వెళుతూ, దారిలో తన జెండా పీకేసింది. ఇక వరస మొదలైంది. మట్టి రంగు బాగాలేదని ఒక్కరూ అనలేదు. అంటే పటం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. స్టోరు కీపరుకు హఠాత్తుగా నది గాలి పడకుండా పోయింది. పటాలు గీసే ఆయన అత్తగారు దోమలంటే భయపడుతోందట. ఆవిడ అంతవరకూ ఏనుగంటే కూడా భయపడని మనిషి. జీపు డ్రైవరు మాత్రం, అందరూ తీశారు కదాని తీశానన్నాడు. ఆ రోజు ఆ హాల్లో వినిపించిన నిజం అదొక్కటే. డైరెక్టరు జెండా ఎప్పుడు మాయమైందో ఎవరూ చూడలేదు. ఆఫీసు మూసే వేళకు నమూనా అంతా చిల్లులు పడి జల్లెడలా వేలాడుతోంది. మధ్యలో ఒకే ఒక్క జెండా. బావమరిదిది.

ఆ జెండాకి కాపలాగా కొన్నాళ్లు గడిపి, ఒక ఆదివారం అక్క ఇంటికి వచ్చాడు.

"అక్కా, నాతో దాచకు. బావకి వేరే ఎక్కడైనా మంచి స్థలం దొరికిందా?"

"దొరికితే నీకు చెప్పకుండా ఉంటామా?"

"నేనైతే చెప్పను."

"తెలుసు. అందుకే నువ్వు కార్యదర్శివి."

"మరెందుకు తీశాడే?"

"నేల మంచిది కాదని చెప్పారుగా."

"అబ్బా, నువ్వు కూడా ఆ మాటే అంటావేమిటి?"

"నేను ఆ మూల కోసం ఎంత ఆశపడ్డానో నీకు తెలీదా? సుత్తి కొంటుంటే కొట్టుకి తోడొచ్చింది నువ్వే. నాకేం సరదానా ఆ మాటనడం?"

ఆ మాటకు బావమరిది మొహం చూడాలి. పటాలూ రంగులూ పొరలూ ఏవీ ఎక్కని చోటుకి అది సూటిగా వెళ్లింది. కాఫీ కూడా తాగకుండా లేచాడు. మర్నాడు నమూనాలో జెండాలేవీ లేవు.

పటం ఆవిష్కరణ ఘనంగా జరిగింది. వాగు మలుపు పసుపు రంగులోనే ఉంది. వచ్చిన పెద్దమనిషి పటాన్ని దూరంనుంచి చూసి, రంగులు కంటికింపుగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. డైరెక్టరు తన ఉపన్యాసంలో, పటంలో పొరపాట్లు ఉండవని, రెండో ముద్రణ మాత్రం ఉంటుందని ప్రకటించాడు. దాని కోసం పసుపన్న చోటల్లా గుంటలు మళ్లీ తవ్వే పని సర్వేయరు అమ్మాయికి అప్పగించారు. పెద్దకన్ను ఆ అమ్మాయి వెంట వెళ్లి, ఆమె పుస్తకం పట్టుకుని రంగు చెబుతుంటే తను రాసుకునేవాడు. ఆమె ఒక్కోసారి మొహం కడుక్కు రమ్మని ఆయన్నే పంపేది. ఆయన నోరెత్తకుండా వెళ్లి కడుక్కొచ్చేవాడు.

కాలనీకి మిగిలింది రాళ్లవాలు. మలుపు మీది ప్రేమ ఎవరూ ఒప్పుకోకుండానే పోయింది కాబట్టి, రాళ్లవాలు మీద ప్రేమ కూడా ఎవరూ ఒప్పుకోకుండానే వచ్చింది. కొలతలు వేసే రోజున అందరూ వగరుస్తూ ఎక్కారు. ఎక్కినంతసేపూ పెద్దకన్నుని తిట్టుకున్నారు. గునపం వేస్తే ఖంగుమంటోంది, ఇక్కడ ముల్లంగి కూడా పండదు, బస్సు దిగి ఈ ఎత్తు ఎక్కేసరికి మోకాళ్లు అరిగిపోతాయి. అన్నీ నిజాలే. ఆయన దేన్నీ కాదనలేదు. కాళ్ల కింద పలచటి ఎర్రమట్టి, దాని కింద మొరం, దాని కింద కొండ. నీళ్లు పడితే పడ్డట్టే జారిపోతాయి. ఇల్లంటూ కడితే కట్టిన చోటే ఉంటుంది.

ఆయన భార్య అటూ ఇటూ తిరిగి, ఒక స్థలం మధ్య ఆగింది. సరిగ్గా నట్టనడుమ, ఏనుగు పడుకున్నంత బండ. సగం నేలలో ఉంది, సగం బయట. ఆవిడ చెప్పులు విడిచి దానిమీద కూచుంది.

బావమరిది టేపు చుట్టుకుంటూ వచ్చాడు.

"అక్కా, లే. ఇది వద్దు. ఈ బండ నీ వంటింట్లోకొస్తుంది."

"రానీ."

"రానీ ఏమిటే? మందు పెట్టి పేల్చాలి. లేకపోతే పక్క స్థలం తీసుకో."

"దేన్నీ పేల్చొద్దు. ముందొచ్చింది నేనా అదా?"

"అది రాయే అక్కా."

"అందుకే అడుగుతున్నా. సర్దుకోవాల్సింది ఎవరు?"

అతను బావగారివైపు చూశాడు, ఈవిడకి మీరైనా చెప్పండన్నట్టు. పెద్దకన్ను నేల పరీక్షగా చూస్తున్నట్టు వంగి, ఒక గులకరాయి తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు. బావమరిది చేతులు దులుపుకుని, వంటింటికి మరో చోటు వెతకడానికి టేపు విప్పుకుంటూ వెళ్లిపోయాడు.

ఉల్లిపాయలు తరిగిన సాయంత్రం తరవాత ఆవిడ ఆయనతో అవసరమైనవే మాట్లాడుతోంది. అన్నం, చుక్కలు, పాలవాడు. ఆయన బండ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కూచోవచ్చో లేదో తెలియలేదు. పొద్దుటినుంచీ ఎండ పీల్చుకున్న రాయి, చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది. కింద దూరంగా నది, ఏమీ ఎరగనట్టు, మలుపు తిరుగుతోంది.

"అలా నించుంటే కాళ్లు లాగవూ?" అంది ఆవిడ, నదివైపే చూస్తూ. ఒక పక్కకి జరిగింది.